అక్కరకొచ్చిన బతుకులు

ఎదుర్లంక రేవులో పంటు ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. 2002లో గోదావరి పాయ గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెన వచ్చింది. దానికి బాలయోగి పేరు పెట్టారు. ఆయనది ఎదుర్లంకే. లోక్‌సభ స్పీకరుగా ఉండగానే, ఆ ఏడాది మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఇప్పుడు కాకినాడ నుంచి అమలాపురం వెళ్లే బస్సులో కునుకు పట్టినవాడికి నది వచ్చిన సంగతే తెలియదు.

అంతకుముందు అలా కుదిరేది కాదు. యానాంలో దిగాలి, రేవు దాకా నడవాలి, పంటెక్కాలి, అవతల గట్టున మళ్లీ బస్సు పట్టుకోవాలి. లేదంటే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, దక్షిణాన సముద్రం, మధ్యలో చీల్చుకుపోయే వైనతేయ. కోనసీమలో పుట్టినవాడు పెళ్లికి వెళ్లాలన్నా, పరీక్షకు వెళ్లాలన్నా, పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు దాటించాల్సిందే.

పంటు అంటే పడవల మీద చెక్కలు పరిచిన బల్లకట్టు. దాని మీద మనుషులు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, పెళ్లివారి డోలూ సన్నాయీ, ఒక్కోసారి ఎవరిదో అంబాసిడర్ కారు. నాకు బాగా గుర్తున్నది సాయంత్రం ఆఖరి పంటు. మనుషులు నిండిపోయినా పంటు నడిపే సరంగు తాడు విప్పేవాడు కాదు. రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. ఎక్కినవాళ్లు విసుక్కునేవారు. "ఎవరైనా వస్తారేమోనండి బాబూ, ఇంకో బస్సు రావాలి కదండీ" అనేవాడు. ఆ బస్సు వచ్చేది. అందులోంచి చంటిపిల్లతో ఒకావిడో, ట్రంకుపెట్టెతో ఓ కుర్రాడో పరుగెత్తుకొచ్చేవారు. పంటు కదిలేది. సరంగు వాళ్లతో ఒక్కమాట కూడా మాట్లాడేవాడు కాదు.

ఆయన మహానుభావుడేమీ కాదు. తాగేవాడు, తిట్టేవాడు, చిల్లర లేదంటే అణా పైసలతో సహా కక్కించేవాడు. కానీ రాత్రివేళ పాము కరిచినవాణ్ణి మంచం మీద మోసుకొచ్చి అవతలి ఒడ్డు నుంచి కేకేస్తే లేచి వచ్చేవాడు. వస్తాడని అందరికీ తెలుసు. వెళ్లక తప్పదని ఆయనకూ తెలుసు. ఆయన బతుకుకు ఏదైనా బరువుందంటే అదంతా ఈ రెండు తెలియడాల మధ్యే ఉండేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇలాంటి మనుషులు మా డెల్టాలో ఊరికొకరుండేవారు. కాలవల మీద నీళ్లు, లాకులు చూసుకునే లస్కర్లు ఆ కోవలోవాళ్లే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నుంచి తీసిన కాలవలు పొలాలకు నీళ్లివ్వడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. మా తాతయ్య కాలంలో ధాన్యం, పెంకులు, కొబ్బరి, కలప అన్నీ నీటి మీదే వెళ్లేవి. గాలి లేకపోతే తాడు కట్టి గట్టు మీద నుంచి మనుషులే లాగేవారు. కాలవ ఒక మెట్టు దిగే చోటల్లా లాకులుండేవి. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, నీటిమట్టం సమం చేసి, ముందు తలుపు తీయాలి. ఏ అర్ధరాత్రి పడవ వచ్చినా లాకు దగ్గర మనిషి ఉండాలి.

లారీలు వచ్చాక పడవలు పోయాయి. నేను ఎరిగేనాటికే లాకులు తుప్పుపట్టాయి. అయినా లస్కరు మిగిలాడు, నీళ్ల కోసం. వేసవిలో మరమ్మతులకు కాలవలు కట్టేసేవారు. కట్టేసేలోపు ఊరి చెరువు నింపుకోవాలి, ఆ నీళ్లే తాగడానికి. జూన్‌లో కాలవ వదిలిన రోజున నురగతో, ఎండుటాకులతో, చచ్చిన కప్పలతో ముందుకు పాకివచ్చే నీటికంటే ముందు మేం పరుగెత్తేవాళ్లం. లస్కరు మాత్రం వెనక నడిచి వచ్చేవాడు. శివారు చేలకు నీరందిందా లేదా అన్నదే ఆయన బెంగ. ఎగువ రైతు రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేసుకుంటే దిగువ రైతు నారుమడి ఎండిపోతుంది. దిగువ రైతు గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని చూసేది వాన కోసం కాదు, లస్కరు కోసం.

పదేళ్ల వయసులో నా కోసం కూడా ఒకరు కనిపెట్టుకుని ఉండేవారు. డెబ్బైల చివర్లో మా వైపు నుంచి కువైట్‌కి, మస్కట్‌కి, దుబాయ్‌కి మనుషులు వెళ్లడం మొదలైంది. మగవాళ్లు కూలిపనికి, ఆడవాళ్లు ఇంటిపనికి. వాళ్ల ఉత్తరాలు వచ్చేవి. అందుకున్నవాళ్లకు చదువు రాదు. పడమటి వీధి ముసలమ్మకు కూతురు కువైట్ నుంచి రాసేది. పోస్టుమాన్ ఇచ్చిన కవరు చీర కొంగున కట్టుకుని, నేను బడి నుంచి వచ్చేవేళకు మా అరుగు కింద నిలబడేది. అరుగెక్కేది కాదు. ఎందుకెక్కదో అప్పుడు నేను అడగలేదు. ఇంట్లో ఎవరూ ఎక్కమనలేదు.

నేను చదివేవాణ్ణి. క్షేమసమాచారాలు అయ్యాక అసలు సంగతులు వచ్చేవి: ఇంటి యజమానురాలు మంచిదని, ఎండ భరించలేనంతగా ఉందని, డబ్బు ఫలానావాళ్ల చేత పంపానని, పిల్లాణ్ణి బడి మాన్పించొద్దని. ముసలమ్మ అంతా విని, "ఆ సివరి మాట ఇంకోసారి సదువు బాబూ" అనేది. చివరి మాట ఎప్పుడూ పిల్లాడి గురించే. ఒకసారి ఉత్తరంలో ఏడుపు తప్ప ఇంకేమీ లేదు. పెద్దవాళ్లు ఇలాంటివి రాస్తారని నాకు తెలియదు. కొంచెం మార్చి చదివాను. ముసలమ్మ నా మొహం చూసి, "ఉన్నది సదువు బాబూ, నాను తట్టుకుంటాను" అంది. ఆవిడ దుఃఖం ముందుగా నా గొంతులోంచి వెళ్లాలి. ఆ వయసులో నాకు అంతకంటే పెద్దరికం ఇంకేదీ దక్కలేదు.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి, ఊళ్లో ఎస్టీడీ బూత్ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది. 2013 జూలైలో టెలిగ్రాములూ ఆగిపోయాయి. ఇప్పుడా ముసలమ్మ మనవడు గల్ఫ్ నుంచి వీడియోలో మాట్లాడతాడు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. అది మంచి మార్పే. ఒక తల్లి తన కూతురి ఏడుపును పరాయి కుర్రాడి నోట వినాల్సిన అవసరం తప్పింది.

బతుకుకు అర్థమేమిటన్న మాట మా ఊళ్లో ఎవరూ వాడేవారు కాదు. ఆ సంగతి చెప్పాల్సివస్తే డొక్కా సీతమ్మగారి కథ చెప్పేవారు. ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరంలో డొక్కా జోగన్నగారి ఇంటికి కోడలిగా వచ్చారు. వైనతేయ దాటేవాళ్లు, వరదకు చిక్కుకున్నవాళ్లు, తీర్థాలకు వెళ్లేవాళ్లు ఏ వేళప్పుడు వచ్చినా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. 1909లో పోయేదాకా అన్నం పెడుతూనే ఉన్నారు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే వెళ్లలేదని, ఆవిడ ఫొటో తెప్పించుకున్నారని చెబుతారు.

మా మామ్మకు ఆ చక్రవర్తి కథ అంత ఇష్టముండేది కాదు. ఆవిడ చెప్పేది అంతర్వేది కథ. జీవితమంతా వంటింట్లోనే గడిచిపోయింది, ఒక్కసారి నరసింహస్వామిని చూసి వద్దామని సీతమ్మగారు బయల్దేరారట. దారిలో ఎదురైన ఒక గుంపులో పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్లు, "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అంటున్నారట. ఆ మాట చెవిన పడగానే ఆవిడ వెనక్కి తిరిగారు. స్వామి దర్శనం అయిందో లేదో కథ చెప్పేవాళ్లెవరూ పట్టించుకోరు.

ఈ కథలో నన్ను పట్టుకునేది ఆవిడ దానం కాదు. తెలియని మనుషులు, దారిలో, ఆవిడ లేనిచోట, ఆవిడ మీద పెట్టుకున్న నమ్మకం. ఫలానా చోట ఫలానా మనిషి ఉంటుంది, ఉంటే మన కష్టం గట్టెక్కుతుంది. ఆ నమ్మకం ఆవిడ చెవిన పడింది. పడ్డాక దాన్ని వమ్ము చేయలేకపోయారు. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవను దాటించే అక్విడక్టు ఉంది. 1853 నాటి పాతదాని పక్కన 2000లో కట్టిన కొత్తదానికి ఆవిడ పేరే పెట్టారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం కూడా ఆవిడ పేరు మీదే వడ్డిస్తున్నారు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది పాతకాలాన్ని పొగిడే వ్యాసమవుతుంది. ఆ పొగడ్తకు నా మనసు ఒప్పదు. అందరూ అందరికీ అక్కరకొచ్చిన ఆ లోకంలో ఎవరు ఎవరికి, ఏ షరతు మీద అక్కరకు వచ్చారన్నది చూడాలి. ముసలమ్మ అరుగు కింద నిలబడింది. మా పాలేరు వేకువన కోడి కూయకముందే రావాలి, సంక్రాంతికి ఒక పంచె ఇస్తే అదే పదివేలు. ఆయన రాకపోతే ఇల్లంతా స్తంభించేది; అంత అవసరమైన మనిషికి మా ఇంట్లో గ్లాసు వేరు. అవసరం ఉన్నంత మాత్రాన గౌరవం రాదు.

నర్సాపురం వైపు మా అత్తయ్య లేసు అల్లేది. మిషనరీలు నేర్పిన ఆ పని వశిష్ఠ ఒడ్డున వేల ఇళ్లలోకి పాకింది. మధ్యాహ్నం ఇంటిపని ముగిశాక అరుగు మీద కూర్చుని, తలెత్తకుండా, పువ్వు మీద పువ్వు. అవి ఓడలెక్కి విదేశాలకు పోయేవి. ఇంట్లో మాత్రం "ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుతుంది" అనేవారు. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి ఈ ఆడవాళ్లతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం అచ్చువేశారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తూ కూడా గృహిణులుగానే లెక్కలోకి వచ్చే మనుషుల సంగతి అందులో ఉంది. మా అత్తయ్యకు ఆ పుస్తకం గురించి తెలియదు. కళ్లజోడు నంబరు పెరిగిందని మాత్రం తెలుసు. ఎవరికో అక్కరకు రావడం వేరు, వచ్చినట్టు నలుగురూ ఒప్పుకోవడం వేరు.

ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా సీతమ్మగారి పక్కన ఇంకొకావిడను నిలబెట్టుకుంటాను. కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు, వీరేశలింగంగారి భార్య. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆవిడే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి, వంట చేసి, పెళ్లి నడిపించారు. ఆ తర్వాత వచ్చిన ఆడపిల్లలను కూడా ఇంట్లో ఉంచుకుని కన్నతల్లిలా చూశారు. సీతమ్మగారు వండినప్పుడు ఊరు చేతులెత్తి దండం పెట్టింది. రాజ్యలక్ష్మమ్మగారు వండినప్పుడు ఊరు మొహం తిప్పుకుంది. పొయ్యి ఒకటే, నది ఒకటే, కాలం దాదాపు ఒకటే. నలుగురూ మెచ్చే పనిలోనే కాదు, నలుగురూ కాదన్న ఒక్క మనిషి కోసం నిలబడటంలో కూడా బతుకు నిండుతుందని ఆవిడ చూపించారు. నన్నడిగితే ఆ రెండోదే కష్టం.

అక్కరకు రావడం, సమానంగా ఉండటం రెండూ ఒకేచోట నేను చూసింది 1986 ఆగస్టులో, కొద్దిరోజులు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ ఏడు ఆ హద్దును గోదావరి ఎప్పుడో దాటేసింది. 16వ తేదీన 35 లక్షల క్యూసెక్కులు దిగువకు వచ్చాయి. 1953 వరద చూసిన పెద్దవాళ్లు కూడా ఇంత నీరు ఎరగమన్నారు. ఊరు ఊరంతా గట్టు మీదే. గట్టు కాపలా అంటే లాంతరు పట్టుకుని నిలబడటం కాదు. ఎలక బొరియలోంచో పీత బొక్కలోంచో అవతలి వైపు నీరు ఊరుతోందేమో వంగి చూడాలి. ఊరితే కేకేయాలి; ఇసుక బస్తాలు, తాటిదుంగలు, గడ్డిమోపులు పట్టుకుని అందరూ అక్కడికి పరుగెత్తాలి. బురదనీరైతే గట్టు మట్టి కొట్టుకుపోతున్నట్టు, తేటనీరైతే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ తేడా నాకు నేర్పింది మా పాలేరే.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నాకూ కొంత గట్టు అప్పజెప్పారు. నా పక్క వంతు ఆయనది, అవతలి వంతు కరణంగారి అబ్బాయిది. ఒకే క్యారేజీలో తిన్నాం, ఒకే దుప్పటి కింద తడిశాం. నేను నిద్రపోతే ఊరు మునుగుతుంది. ఇంత సూటిగా నా అవసరం ఉన్న రోజు నా జీవితంలో మళ్లీ రాలేదు. మా గట్టు నిలిచింది. ఎన్నో ఊళ్ల గట్లు నిలవలేదు. వరద తీశాక ఎవరి గ్లాసులు వాళ్లకు వచ్చేశాయి. ఆ కొద్ది రాత్రుల్లో కుదిరింది తర్వాత ఎందుకు కుదరలేదన్న ప్రశ్నకు ఊరి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

ఇప్పుడు మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు. పెంకుటిళ్లు పోయి మేడలు లేచాయి; మండువా లోగిలి ఉన్నచోట పాలరాయి, పురి కట్టినచోట కారు షెడ్డు. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డల్లాస్‌లో. ఉన్న ఇళ్లలో డెబ్బై దాటిన ఇద్దరు, లేదా ఒక్కరు. గేటు మీద కెమెరా. అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టడం కొడుకు అమెరికాలో ఫోన్ తెరిచి చూసుకుంటాడు. అది ప్రేమ కాదని నేననను. పోపులో కరివేపాకు అయిపోతే పక్కింటికి వెళ్లే పని లేదు, ఫోన్‌లో నొక్కితే వస్తుంది. పురిటికి పంటు కోసం చూడక్కర్లేదు, 108 వస్తుంది. ఇవన్నీ పోవాలని కోరుకునేవాడు ఒక్కసారి రాత్రిపూట రేవులో రోగితో కూర్చుని ఉండడు.

అయినా ఒక లోటు ఉందని లోకం మొత్తానికి తెలిసింది. 2018లో బ్రిటన్ ప్రభుత్వం ఒంటరితనం సంగతి చూడమని ఒక మంత్రికి బాధ్యత అప్పజెప్పింది. 2021లో జపాన్ కూడా అదే చేసింది. రెండూ మనకంటే ఎన్నో రెట్లు సుఖంగా బతికే దేశాలు. మనకు పనులన్నీ చేసిపెట్టే ఏర్పాట్లు చేసుకున్నాం. చేయి చాచక్కర్లేని చోట చేయి అందించే పని కూడా ఉండదు. పాతకాలంలో అక్కర మన మీద వచ్చి పడేది: కులంగా, కూలిగా, కోడలిగా, వరదగా. తప్పించుకోవడానికి వీలుండేది కాదు. ఇప్పుడది మీద పడదు, మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. ఆధునిక సమాజం మనకిచ్చిన స్వేచ్ఛ, మన నెత్తిన పెట్టిన బరువు రెండూ ఇదే.

వెతుక్కునేవాళ్లు లేకపోలేదు. మా ఊళ్లోనే రిటైరైన ఒక లైన్‌మన్ ఉన్నారు. నాట్లేసి, వెదురు బుట్టలల్లి, అంట్లు తోమి వేళ్ల మీద గీతలు అరిగిపోయిన ముసలివాళ్లకు యంత్రం మీద వేలిముద్ర పడదు. పడకపోతే బియ్యానికి తిప్పలు, పింఛనుకు తిప్పలు. వాళ్లను మోటార్‌సైకిల్ మీద ఒక్కొక్కరినే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి, వరసలో తనే నిలబడి, పని అయ్యాక టీ తాగించి ఇంటి దగ్గర దింపుతారు. పార్టీ లేదు, సంఘం లేదు, ఫొటో లేదు. కులం చూడరు. "ఎందుకండీ మీకీ తిరుగుడు?" అని ఎవరో అడిగితే, "ఆయ్, పొద్దున్నే ఇంటి ముందు కూర్చుంటారండీ, వెళ్లకపోతే ఎలాగండీ?" అన్నారు. ఆ ముసలివాళ్లు ఆయన అరుగు మీదే కూర్చుంటారు. కింద కాదు. పాతదాంట్లోంచి నిలుపుకోవలసింది నిలుపుకుని, వదిలేయవలసింది వదిలేయడం అంటే నాకు ఇదే.

మన కాలంలో బతుకును కొలిచే కొలతలకు కొదవ లేదు: జీతం, ఇల్లు, పిల్లల వీసా, పోస్టుకు పడ్డ లైకులు. ఇవన్నీ ఎవరికి వాళ్లం ఒంటరిగా కూర్చుని లెక్కేసుకోగలిగినవే. సుఖపడ్డామా లేదా అన్నది మనమే చెప్పుకోవచ్చు. అక్కరకొచ్చామా లేదా అన్నది మాత్రం పక్కవాళ్లే చెప్పాలి. చెప్పగలిగేంత దగ్గరికి ఎవరినైనా రానిచ్చామా, రానిచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టామా అన్నదే మనం తేల్చుకోవలసిన లెక్క.